సీనియర్ లివింగ్‌లో నెల ఎలా గడుస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలోని ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో నేనూ మా ఆవిడా ఆరేళ్లుగా ఉంటున్నాం. మూడేళ్ల క్రితం కార్యక్రమాల కమిటీ పని నా నెత్తిన పడింది. అప్పటి నుంచి చూడడానికి వచ్చేవాళ్లూ, వాళ్ల పిల్లలూ, కొత్తగా దిగినవాళ్లూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. గేటు దగ్గర నిలబడి చెప్పీ చెప్పీ గొంతు పోతోంది కనక రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇదంతా మా చోటి సంగతి. వేరేచోట రూళ్లు వేరుగా ఉంటాయి, అక్కడి కాగితాలు చదువుకోండి.

## చేరకముందు

ఇది వృద్ధాశ్రమమేగా? పేరు ఇంగ్లిషులో పెట్టారంతే కదా?

కాదండీ. ఇక్కడ తలుపు తాళంచెవి మీ జేబులో ఉంటుంది. మీ వంటగది, మీ దేవుడి గూడు, మీ టీవీ అన్నీ మీవే. ఓపిక ఉన్న రోజు వండుకుంటారు, లేని రోజు భోజనశాలకు వస్తారు. ఊరెళ్లాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు, సెక్యూరిటీ పుస్తకంలో రాసి వెళ్తే చాలు. చుట్టాలు మాత్రం ‘అయ్యో, పిల్లలు చూడట్లేదా?’ అని ఒక రెండేళ్లు అంటారు. మూడో ఏడు వాళ్లే వచ్చి ఫ్లాట్లు ఖాళీ ఉన్నాయా అని అడుగుతారు.

ఒక రోజు వచ్చి చూస్తే సరిపోతుందా?

సరిపోదు. ఆ ఒక్క రోజూ పెళ్లిచూపుల్లాంటిది, అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉంటారు. నెల రోజులు అద్దెకు ఉండి చూడండి. చాలాచోట్ల అలా ఉండనిస్తారు. ఉండనివ్వం అంటే అదే మీకు జవాబు. నెల అని ఎందుకంటున్నానంటే, మొదటి వారంలో అందరూ పలకరిస్తారు, రెండో వారంలో కూర మళ్లీ వస్తుంది, మూడో వారంలో లిఫ్టు ఆగుతుంది, నాలుగో వారంలో బిల్లు వస్తుంది. ఈ నాలుగూ చూశాక నిర్ణయం తీసుకోండి.

రంగుల పుస్తకం ఇస్తే పక్కన పెట్టి, పోయిన మూడు నెలల నోటీసు బోర్డు కాగితాలు చూపించమనండి. మేం చేరినప్పుడు పుస్తకంలో ‘24 గంటలూ డాక్టరు’ అని అచ్చువేశారు. నోటీసు బోర్డు మీద ‘డాక్టరుగారు సోమ, బుధ, శుక్ర’ అని ఉంది. మూడు రోజుల డాక్టరే ఎక్కువ, కాదనను. కానీ తేడా మాకు తెలిసింది చేరాకే.

ఇల్లు అమ్మేసి ఇక్కడికి రావాలా?

మొదటి ఏడాది అమ్మకండి. అద్దెకివ్వండి, లేదా తాళం వేసి ఉంచండి. వెనక్కి వెళ్లే దారి ఉందన్న ధైర్యంతో వచ్చినవాళ్లే ఇక్కడ తొందరగా కుదురుకోవడం చూశాను. పిల్లల పేర రాసేసి వద్దామనుకుంటే, ‘మమ్మల్ని చూసుకోవాలి’ అన్న షరతు దస్తావేజులోనే రాయించుకోండి. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కింద బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. షరతు లేకపోతే తర్వాత చాలా తిప్పలు.

కొనుక్కోవాలా, డిపాజిట్ కట్టి ఉండాలా, అద్దెకు ఉండాలా?

కొంటే ఆస్తి మీది, పిల్లలకు వస్తుంది. అయితే వాళ్లు అమ్ముకోవాలంటే కొనేవాడూ వయసు మళ్లినవాడే కావాలి. చాలాచోట్ల 55 లేదా 60 దాటినవాళ్లే ఉండాలన్న నిబంధన ఉంటుంది. డిపాజిట్ పద్ధతిలో, వెళ్లేటప్పుడు ఎంత కోస్తారు, ఎన్నాళ్లకు తిరిగి ఇస్తారు అన్నదే అసలు సంగతి. కట్టడంలో ఉన్నది కొంటుంటే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు లేనిదే అడ్వాన్సు ఇవ్వకండి. రిటైర్మెంట్ హోమ్‌లు ఎలా ఉండాలో కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. బాత్‌రూముల్లో పట్టుకునే కడ్డీలు, జారని నేల, చక్రాల కుర్చీ పట్టే తలుపులు, పిలుపు గంటలు లాంటివి అందులో ఉన్నాయి. చూడడానికి వెళ్లినప్పుడు వీటిని చేత్తో పట్టుకుని మరీ చూడండి. మా బ్లాకులో ఒక కడ్డీ గోడలోంచి ఊడి చేతికొచ్చింది.

నెల ఖర్చు లెక్క ఎలా వేసుకోవాలి?

బిల్లు నాలుగు ముక్కలుగా వస్తుంది: నిర్వహణ ఖర్చు, భోజనం, కరెంటు, మీరు విడిగా వాడుకున్నవి. విడిగా అంటే లాండ్రీ, గదికి తెప్పించుకున్న భోజనం, అతిథుల భోజనం, కారు, ఫిజియోథెరపీ. మొదటి మూడూ ఊహించినట్టే ఉంటాయి. కొంప ముంచేది నాలుగోది. ఊరెళ్లినప్పుడు ఎన్ని రోజుల ముందు చెబితే భోజనం డబ్బు తగ్గిస్తారో ముందే అడగండి. ఏటా నిర్వహణ ఖర్చు ఎంత శాతం పెంచుతారో ఒప్పందంలో అంకెతో ఉండాలి. ‘అప్పటి పరిస్థితిని బట్టి’ అని రాసి ఉంటే సంతకం పెట్టకండి.

## మొదటి నెల

సామాను ఎంత తెచ్చుకోవాలి?

మీరనుకున్న దాంట్లో సగం. డబుల్ కాట్ చుట్టూ నడవడానికి చోటు లేక కాలు తగిలి పడిపోయినవాళ్లున్నారు. గదిలో తివాచీలు వద్దు. మంచం నుంచి బాత్‌రూముకు వెళ్లే దారిలో చిన్న రాత్రి దీపం పెట్టించుకోండి. తప్పక తెచ్చుకోవలసింది మీకు అలవాటైన కుర్చీ. కొత్త సోఫా ఎంత ఖరీదైనా అందులోంచి లేవడం కష్టం.

అమ్మ గదిలోంచి బయటికే రావట్లేదు. బలవంతం చేయాలా?

వద్దు. ‘కార్యక్రమాలకు వెళ్లమ్మా’ అని అమెరికా నుంచి రోజూ ఫోనులో చెప్పకండి, ఆ మాట వినీ వినీ విసుగొస్తుంది. ఆవిడకు ఒక పని అప్పగించమని మాకు చెప్పండి. పోయినేడు ఒక పెద్దావిడ మూడు వారాలు తలుపు తియ్యలేదు. గుడికి పూలమాల కట్టే మనిషి రాలేదు, కాస్త కట్టిపెడతారా అని మా ఆవిడ బుట్ట తీసుకెళ్లి ఆమె గుమ్మంలో పెట్టింది. మరునాడు పొద్దున ఆరింటికి ఆ పెద్దావిడే వచ్చి, ‘నిన్న తెచ్చినవి వాడిన మల్లెలు, ఎవరు కొన్నారు?’ అని అడిగింది. ఇప్పుడు పూల లెక్కంతా ఆవిడ చేతిలోనే ఉంది.

మేం చిన్న ఊరి నుంచి వస్తున్నాం. అక్కడంతా పెద్ద ఆఫీసర్లేనట కదా?

ఉన్నారు. మొదటి నెల ఎవరు ఏ హోదాలో రిటైరయ్యారో చెబుతారు. రెండో నెల నుంచి ఎవరి మోకాలు ఎలా ఉందో చెబుతారు. మోకాళ్లకు హోదా లేదు.

ఎవరిని ఏమని పిలవాలి?

పేరు చివర ‘గారు’ ఉంటే ఎప్పుడూ తప్పు లేదు. ఆడవాళ్లు వదినగారనో అక్కయ్యగారనో వరస కలిపేసుకుంటారు. మగవాళ్లలో సార్, మాస్టారు ఎక్కువ. 80 దాటినవాళ్లను మిగతావాళ్లు బాబాయిగారు, పిన్నిగారు అంటారు. పనివాళ్లను పేరు పెట్టి పిలవండి, ‘ఏయ్’ అనకండి. దీని మీద మా కమిటీకి వచ్చినన్ని ఫిర్యాదులు ఇంకదేని మీదా రాలేదు.

## నెల నడిచే తీరు

నెలలో ఏ రోజు ఏం ఉంటుంది?

ఇక్కడ నెల రెండు క్యాలెండర్ల మీద నడుస్తుంది. ఒకటి తారీఖులది. ఒకటో తారీఖున పెన్షన్ మెసేజ్‌లు, ఐదున బిల్లు, రెండో శనివారం బరువు, బీపీ, షుగర్ చూడడం, మూడో ఆదివారం పాటల సాయంత్రం, చివరి శనివారం మెనూ మీటింగు, చివరి ఆదివారం పుట్టినరోజులు. రెండోది తిథులది. రెండు ఏకాదశులకూ సహస్రనామ పారాయణం, పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం, సంకటహర చవితికి వినాయకుడికి ఉండ్రాళ్లు. అమావాస్య నాడు కొత్త పని ఏదీ పెట్టం. పెడితే ఎవరూ రారు.

రెండూ ఢీకొన్న నెలలు ఉంటాయి. చివరి శనివారం ఏకాదశి వచ్చిందంటే, ఉపవాసం ఉన్నవాళ్లు మెనూ మీటింగులో కూర్చుని గారెల గురించి చర్చించాలి. వాయిదా వేస్తాం.

భజనలు తప్ప ఇంకేం ఉండవా? నాకు దేవుడి మీద అంత నమ్మకం లేదు.

ఉంటాయి. క్యారమ్స్, చదరంగం, అష్టాచెమ్మా, మొక్కల పని, బుధవారం పాత సినిమా, శుక్రవారం ఎవరో ఒకరు తమ ఉద్యోగం గురించి చెప్పే గంట. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ శుక్రవారం గంట. ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టారు, సింగిల్ లైను మీద రెండు రైళ్లు ఎదురుపడకుండా టోకెన్ గోళం ఎలా పనిచేసేదో గ్లాసులూ స్పూన్లూ బల్ల మీద పేర్చి చూపించారు. ఆ రాత్రి భోజనం అరగంట ఆలస్యమైంది, ఎవరూ లేవలేదు. నాస్తికులు ఇక్కడ ఐదారుగురున్నారు. ప్రసాదం మాత్రం వదలరు.

దేనికీ రాకపోతే ఏమన్నా అనుకుంటారా?

ఒక వారం అనుకుంటారు. తర్వాత మరిచిపోతారు. అయితే రోజుకు ఒక్కసారైనా ఎవరి కంటైనా పడాలి. పొద్దున తొమ్మిదింటికల్లా పాల ప్యాకెట్ తలుపు దగ్గర నుంచి తీయకపోతే సెక్యూరిటీ వచ్చి తలుపు తడతాడు. దానికి విసుక్కోకండి.

పేపర్ ఉచితమా?

ఉచితమే, దొరికితే. రీడింగ్ రూములో పొద్దున 5:45కి నాలుగు తెలుగు, రెండు ఇంగ్లిషు పేపర్లు వస్తాయి. పేజీలు విడదీసి ఎవరికి తోచింది వాళ్లు పట్టుకుపోతున్నారని, దబ్బనంతో దారం వేసి కుట్టించాం. దాంతో ఒక పేపర్‌ను ఒక్కరే చదవాల్సి వచ్చి గొడవ ముదిరింది. వారంలో కుట్లు విప్పేశాం. ఇప్పుడు రూలు ఒక్కటే: పదకేళి నింపేవాళ్లు పెన్సిల్ వాడాలి.

పుట్టినరోజులు ఒక్కొక్కరివి చేస్తారా?

నెలలో పుట్టినవాళ్లందరికీ చివరి ఆదివారం కలిపి ఒకే కేకు, గుడ్డు లేనిది. ఇందులో ఒక తమాషా ఉంది. మా జాబితాలో జూన్, జూలై నెలలు ఎప్పుడూ పొడుగ్గా ఉంటాయి. జూలై 1నే తొమ్మిదిమంది. ఆ రోజుల్లో బడిలో వేసేటప్పుడు మాస్టారు వయసు సరిపోయేలా ఏదో ఒక తారీఖు రాసేశారు. సర్టిఫికెట్లోనూ ఆధార్లోనూ అదే నిలిచిపోయింది. అసలు పుట్టినరోజు అడిగితే ‘గోదావరి వరద వచ్చిన ఏడు, శ్రావణ బహుళ పంచమి’ అంటారు. అందుకని ఫారంలో రెండు గళ్లు పెట్టాం, కాగితం తారీఖు, ఇంట్లో తిథి. ఏ నెలలో కేకు కోయాలో మీరే టిక్కు పెట్టండి. రెండు నెలల్లోనూ టిక్కు పెట్టినవాళ్లు ఇద్దరున్నారు.

మెనూ ఎవరు నిర్ణయిస్తారు?

చివరి శనివారం సాయంత్రం నాలుగింటికి వంటాయన, మేనేజరు, మేం ఐదుగురం కూర్చుంటాం. ఎవరైనా వచ్చి వినవచ్చు, మాట్లాడవచ్చు. గుంటూరు వైపు వాళ్లకు కారం చాలదు, గోదావరి వాళ్లకు పప్పులో బెల్లం ముక్క కావాలి, కరీంనగర్ వాళ్లకు రాత్రి జొన్నరొట్టె ఉండాలి, డాక్టరుగారికి ఎందులోనూ ఉప్పు వద్దు. చివరికి తేలింది ఏమిటంటే, కూరలు చప్పగా వండి ఉప్పూ కారప్పొడీ బల్ల మీద పెట్టడం. దీంతో ఎవరూ సంతోషించలేదు, ఎవరూ కోప్పడలేదు. ఆవకాయ మీద ఉన్నంత పట్టు ఇంక దేని మీదా లేదు. జాడీలో గరిటె తీసేసి చిన్న స్పూను వేశారని ఒకాయన మూడు రోజులు భోజనశాలకు రాలేదు. నాలుగో రోజు ఇంటి నుంచి తన స్పూను తెచ్చుకున్నారు.

మాంసాహారం ఉంటుందా?

మా భోజనశాలలో గుడ్డు దాకానే, అదీ విడి బల్ల మీద. మీ ఫ్లాట్‌లో మీ ఇష్టం. ఆదివారం మూడో అంతస్తులో చేపల పులుసు వాసన వస్తే ఎవరి ఇంట్లోనో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. ఇది చోటును బట్టి మారుతుంది, పూర్తి శాకాహార కమ్యూనిటీలూ ఉన్నాయి. చేరకముందే అడగాలి.

షుగర్ ఉంది. ఏకాదశి ఉపవాసం ఉండొచ్చా?

డాక్టరును అడక్కుండా ఉండొద్దు. తిండి మానేసి మాత్ర మాత్రం వేసుకుంటే షుగర్ పడిపోతుంది. గ్లిమెపిరైడ్ లాంటి మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇది మరీ ప్రమాదం. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు తాగించాలి. వ్రతభంగం అని ఆలోచించకూడదు. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్‌ను పిలవాలి. మా వంటాయన ఏకాదశి ప్లేటు అని ఒకటి పెట్టాడు: ఉప్పిండి, పెసరపప్పు, మజ్జిగ. అన్నం తినలేదన్న తృప్తి ఉంటుంది, షుగరూ పడదు.

పండగలు పిల్లలు లేకుండా బోసిగా ఉండవా?

మొదటి పండగ ఉంటుంది, అబద్ధం చెప్పను. తర్వాత పనిలో పడిపోతారు. దసరాకు ఇక్కడ రెండు సందళ్లు. తెలంగాణ ఆడవాళ్లు తంగేడు, గునుగు పూలు తెప్పించి తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడతారు. ఆంధ్రా వైపు వాళ్లు హాల్లో బొమ్మల కొలువు పెడతారు. వీళ్లు అక్కడ, వాళ్లు ఇక్కడ చేతులు కలుపుతారు. కార్తీకంలో వనభోజనాలకు మా ఆవరణలో ఉన్న ఉసిరి చెట్టు నా భుజం దాకా కూడా లేదు. దాని నీడలో పడేది ఒక్క విస్తరి. అదే దేవుడి విస్తరి అనుకుని మిగతావాళ్లం షామియానా కింద కూర్చుంటాం. ధనుర్మాసంలో రోజుకో పాశురం చొప్పున 30 రోజులు, పొద్దున ఐదున్నరకు. చలికి భయపడి మానేసేవాళ్లను వేడి పొంగలి రప్పిస్తుంది.

పండగ కాదు గానీ అంత హడావిడీ మేలో ఆవకాయ పెట్టే రోజు. కాయలు మార్కెట్లోనే టెంకతో కొట్టించి తెస్తాం. ఇక్కడ తొమ్మిదిమంది పెద్దవాళ్లు దుప్పటి మీద గుండ్రంగా కూర్చుని ఒక్కో ముక్కనూ పొడిగుడ్డతో తుడిచి, లోపలి పొర తీస్తారు. తడి ఉందని ఒకరు, లేదని ఒకరు. ఆవపిండి ఎంత, ఉప్పు ఎంత అన్నది ఎవరి అమ్మ లెక్క వాళ్లది, ఎవరూ తగ్గరు. అందుకే జాడీలు మూడు, మూడింటికీ ఊళ్ల పేర్లు. మూడో రోజు తిరగేసి కలిపి, నూనె పైకి తేలిందా అని చూడడానికి మగవాళ్లం కూడా వరసలో నిలబడతాం.

బయటికి ఎక్కడికైనా తీసుకెళ్తారా?

నెలకొకసారి బస్సు. చిలుకూరు బాలాజీ దగ్గర 11 ప్రదక్షిణలు చేయగలిగినవాళ్లు చేస్తారు. కోరిక తీరాక చేయవలసిన 108 మాత్రం మా వయసుకు మొక్కుకోకండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం వెళ్లకండి, సెలవు. గడియారం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేది చూడాలంటే 12కు పది నిమిషాల ముందే కుర్చీ పట్టుకోవాలి. నాంపల్లి నుమాయిష్ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. పండగ సెలవుల్లో కాకుండా మామూలు పనిరోజు వెళ్తాం. దూరయాత్రలు ఏడాదికి రెండు. రైల్లో సీనియర్ సిటిజన్ల రాయితీ 2020 మార్చిలో తీసేశారు, ఇంకా తిరిగి ఇవ్వలేదు. కింది బెర్తుల కోటా మాత్రం ఉంది.

యాత్రల చందా ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలల్లోనే వసూలు చేస్తాం. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీము వడ్డీ ఆ నెలల ఒకటో తారీఖునే పడుతుంది. 8.2 శాతం ఉన్నప్పుడు గరిష్ఠ పరిమితి 30 లక్షలూ వేసినవాళ్లకు మూడు నెలలకు 61,500. ఆ వారంలో అడిగితే ఎవరూ కాదనరు.

పేకాట ఉందా?

రమ్మీ ఉంది. డబ్బు పెట్టడం లేదు. చింతపిక్కలు.

## పెన్షన్, బ్యాంకు, ఫోను

లైఫ్ సర్టిఫికెట్ కోసం నవంబరులో బ్యాంకుకు వెళ్లాల్సిందేనా?

అక్కర్లేదు. జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ 2014 నవంబరు నుంచి ఉంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు గడువు నవంబరు. 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. వేలిముద్రలు అరిగిపోయి మెషీను తీసుకోకపోతే కంగారు పడకండి, ఫోను కెమెరాతో ముఖం చూపించి కూడా చేయొచ్చు. మేం నవంబరు మొదటి వారంలో రీడింగ్ రూము కిటికీ పక్కన కుర్చీ వేస్తాం, అక్కడ వెలుతురు బాగుంటుంది. కళ్లద్దాలు తీసి, ఒకసారి కళ్లు ఆర్పమంటే ఆర్పాలి. కొందరు కళ్లు గట్టిగా మూసుకుని అలాగే ఉండిపోతారు, అప్పుడు బతికున్నట్టు ఒప్పుకోదు. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్ల గడువు వేరుగా ఉంటుంది, మీ ట్రెజరీ ఆఫీసులో కనుక్కోండి.

పోలీసులమంటూ వీడియో కాల్ వస్తే?

కట్ చేయండి. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో ఎక్కడా లేదు. ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చేయడు, డబ్బు బదిలీ చేయమనడు. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత నయం. మా దగ్గర ఒక విశ్రాంత లెక్చరరును రెండు గంటలు ఫోనులో కట్టేశారు. పాల ప్యాకెట్ తీయలేదని సెక్యూరిటీ తలుపు కొట్టబట్టి బయటపడ్డారు.

## ఒంట్లో బాగోలేనప్పుడు

రాత్రి రెండింటికి ఏదైనా అయితే ఎవరు వస్తారు?

మంచం పక్కన, బాత్‌రూములో గంట తీగలు ఉన్నాయి. లాగితే నర్సు, సెక్యూరిటీ వస్తారు. మా దగ్గర అంబులెన్స్ ఉంది, లేనిచోట 108. మీరు చేయవలసింది, బాత్‌రూము గంట తీగ నేల దాకా వేలాడేలా చూసుకోవడం. పడినవాళ్లు కింద ఉంటారు, స్విచ్చు పైన ఉంటే ఏం లాభం? తలుపు వెనక ఒక కాగితం అంటించండి: వాడే మందులు, పడని మందులు, బ్లడ్ గ్రూపు, ఏ ఆసుపత్రి, ఎవరికి ఫోను చేయాలి. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి, బీపీ ఒక్కసారిగా పడిపోకుండా.

నెలనెలా బరువు ఎందుకు చూస్తారు? మేమేం పిల్లలమా?

ఈ వయసులో బరువు పెరగడం కంటే, కారణం లేకుండా తగ్గడం మీదే ఎక్కువ కన్ను వేయాలి. ఆరు నెలల నుంచి ఏడాదిలో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కి వస్తే, డాక్టరు కారణం వెతకాలి. కట్టుడు పళ్లు వదులైనా కావచ్చు, దిగులైనా కావచ్చు, పెద్ద జబ్బైనా కావచ్చు. చీర బరువు తీసేయమని అడుగుతారు కొందరు. తీసేయం, ప్రతి నెలా అదే చీర కట్టుకురండి.

ఆరోగ్య బీమా ఎవరూ ఇవ్వనంటున్నారు. దారి ఉందా?

70 దాటితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు, 2024 అక్టోబరు 29న మొదలైంది. ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి చికిత్స. సీజీహెచ్‌ఎస్ లాంటి ప్రభుత్వ పథకంలో ఉన్నవాళ్లు ఏదో ఒకటే ఎంచుకోవాలి. మీరు వెళ్లే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

మతిమరుపు మొదలైతే పంపించేస్తారా?

ఇది చేరేముందు అడగవలసిన మొదటి ప్రశ్న, ఎవరూ అడగరు. కొన్నిచోట్ల అలాంటివాళ్లకు వేరే విభాగం ఉంటుంది. మా దగ్గర లేదు. తొలిదశలో మనిషిని పెట్టుకుని ఉండొచ్చు, రాత్రిళ్లు బయటికి వెళ్లిపోయే దశ వస్తే వేరే చోటు చూసుకోమంటారు. ఒప్పందంలో ఆ పేజీ చదివి సంతకం పెట్టండి.

## దూరాన ఉన్న పిల్లలకు

రోజూ ఏ టైముకు ఫోను చేస్తే అమ్మానాన్న దొరుకుతారు?

డల్లాస్‌లో రాత్రి 8:30కి చేస్తే వేసవిలో ఇక్కడ పొద్దున 7, కాఫీ అయ్యాక. నవంబరు మొదటి ఆదివారం మీ గడియారం మారగానే అదే ఫోను ఇక్కడ 8కి వస్తుంది, అంటే సరిగ్గా పెసరట్టు పళ్లెంలో పడేటప్పుడు. మార్చి రెండో ఆదివారం దాకా ఇదే తంతు. దయచేసి ఆ నాలుగు నెలలూ ఓ గంట ముందు చేయండి. భోజనశాలలో ఫోను స్పీకరులో పెట్టి ‘ఆఁ, వినపడట్లేదురా’ అని అరిచేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

మేం వచ్చినప్పుడు అక్కడే ఉండొచ్చా? పిల్లలు కూడా ఉన్నారు.

ఉండొచ్చు. గెస్ట్ రూములు సంక్రాంతికీ, డిసెంబరు సెలవులకూ మూడు నెలల ముందే నిండిపోతాయి. మీ అమ్మగారి ఫ్లాట్‌లోనే సర్దుకుంటే మా దగ్గర ఏడాదికి 30 రోజుల దాకా ఏమీ కట్టక్కర్లేదు, భోజనం కూపన్లు తప్ప. పిల్లలు గోల చేస్తారని భయపడకండి. ఆ వారం రోజులూ కారిడార్‌లో పరుగుల చప్పుడు వినడానికి తలుపులు తీసి పెట్టుకుంటారు.

## ఒకరు మిగిలినప్పుడు, వెళ్లేటప్పుడు

ఎవరైనా పోతే ఆ నెల కార్యక్రమాలు ఆపేస్తారా?

ఆ ఒక్క రోజు ఆపేస్తాం. మొదట్లో మూడు రోజులు ఆపేవాళ్లం. ఒక చలికాలంలో వరసగా ముగ్గురు పోయారు, దాదాపు నెలంతా హాలు తాళం వేసే ఉంది. అప్పుడు 88 ఏళ్ల ఒకావిడ వచ్చి, ‘నేను పోయినా ఒక్క రోజే ఆపండి, శుక్రవారమైతే అదీ వద్దు’ అన్నారు. పిల్లలు విదేశాల నుంచి వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సు, వైకుంఠ రథం, పురోహితుడు, శ్మశానం రసీదు పనులు ఎవరు చూడాలో మా దగ్గర ముందే రాసి ఉంది. మైల పట్టింపు ఉన్నవాళ్ల సంగతి వాళ్ల ఇష్టం. కర్మకాండలు ఆవరణలో చేయనివ్వరు, బయట చేసుకోవాలి.

ఇద్దరిలో ఒకరు పోతే రెండోవారు ఖాళీ చేయాలా?

ఒప్పందంలో ఇద్దరి పేర్లూ ఉంటే అక్కర్లేదు. ఒక్కరి పేరే ఉంటే ఈరోజే రెండోది చేర్పించండి. నెల బిల్లు సగం కాదు, భోజనం మాత్రమే సగమవుతుంది, మిగతాది అలాగే ఉంటుంది. ఇది తెలియక ఇబ్బంది పడినవాళ్లున్నారు. భోజనశాలలో ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటే తినలేరు కాబట్టి, మొదటి నెల వాళ్లను ఆరుగురు కూర్చునే బల్లకు పిలుస్తాం. రాకపోతే క్యారియరు పంపిస్తాం. పదిహేను రోజులు దాటాక క్యారియరు పట్టుకుని ఎవరో ఒకరం వెళ్లి కూర్చుంటాం.

నచ్చకపోతే వెళ్లిపోవచ్చా?

నిక్షేపంగా. నోటీసు గడువు రెండు నెలలో మూడు నెలలో ఉంటుంది, రాతలో ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి. డిపాజిట్ మొండికేస్తే రెరా, వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. ఎటు వెళ్లాలో తెలియకపోతే సీనియర్ సిటిజన్ల హెల్ప్‌లైన్ 14567కి ఫోను చేయండి.

ఫ్లాట్ ఖాళీ చేసేటప్పుడు మిగిలిన సామాను ఏం చేస్తారు?

పిల్లలు ఫొటోలూ, పట్టుచీరలూ, దేవుడి విగ్రహాలూ తీసుకెళ్తారు. పుస్తకాలు రీడింగ్ రూముకు, చక్రాల కుర్చీ నర్సు గదికి, మందులు చెత్తలోకి. స్టీలు గిన్నెలు విమానం ఎక్కవు కాబట్టి మా వంటింటికి వస్తాయి. చాలావాటి మీద పేర్లు చెక్కి ఉంటాయి, పెళ్లికి ఎవరు ఇచ్చారో, ఏ ఏడో. పౌర్ణమి వ్రతానికి ప్రసాదం కలిపే పెద్ద గిన్నె మీద ‘చి.సౌ.’ అని మొదలై ఒక పేరూ, ‘మేనత్త, 1969’ అనీ ఉంది. ఆ గిన్నె ఎక్కడ పెట్టారని మొన్న వంటాయన అడిగితే, కుర్రాడు ‘మేనత్త గిన్నేనా?’ అని తెచ్చిచ్చాడు.